ఫ్రెంచి చదువు – ఆదివారపు ప్రయాణములు



విదేశమునకు పోయి అచ్చటి భాషను అచ్చటనే చదువుకొనవలెనని కోరు యువతీయువకులు నేడు మన ఇండ్లలో పెక్కుమంది కలరు. వారి తలిదండ్రులు మమ్ము సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే. "అక్కడ వారమునకు ఐదు దినములే పాఠములట కదా! తక్కిన రెండు దినములు పిల్లలు ఏమి చేయుదురు?" అని. ఆ ప్రశ్న వెనుక కొంత భయమును, కొంత ఖర్చును గూర్చిన చింతయు ఉండుట సహజము. ఆ రెండు దినములను గూర్చియే ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచితిమి. మా మట్టుకు, మేము నేర్చిన ఫ్రెంచిలో సగము ఆ శని ఆదివారములలోనే నేర్చితిమి. ఫ్రెంచి కాని మరియొక పాఠము కూడ ఆ దినములలోనే మాకు లభించినది. అది మేము కోరి పోయిన పాఠము కాదు.

మాది ఉట్నూరు. ఆదిలాబాదు అడవుల నడుమ, కొండల మధ్యనున్న ఊరు. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము ఉన్నందున చుట్టుప్రక్కల గూడెముల వారందరును అచటికి వచ్చిపోవుచుందురు. వారపు సంతనాడు నిలుచుండి వినినచో తెలుగు, గోండి, కొలామి, లంబాడి, మరాఠి, ఉర్దూ అన్నియు ఒక్క గంటలో చెవిని బడును. అటువంటి ఊరిలో పుట్టి పెరిగి, అన్నిటిని విడిచి, సముద్రములకు ఆవలనున్న ఫ్రెంచి భాష మీద మాకు మనసు పోయినది. హైదరాబాదులో మూడేండ్లు వ్యాకరణము చదివితిమి. ఆ పిమ్మట ఒక విద్యాసంవత్సరము ఫ్రాన్సు దేశమున గడపు అవకాశము కలిగినది.

నిజమునకు ఫ్రెంచివారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. హైదరాబాదులోని మూసారాంబాగు పేరు, నిజాము కొలువున సేనానిగా నుండి 1798లో మరణించిన రేమండ్ అను ఫ్రెంచివాని జ్ఞాపకముగా నిలిచినది. గోదావరి పాయ ఒడ్డుననున్న యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. హైదరాబాదులో 1908లో జన్మించిన డాక్టరు ముహమ్మద్ హమీదుల్లా పారిసులోని సోర్బాన్ విద్యాపీఠమున 1935లో డాక్టరు పట్టమును పొంది, 1959లో ఖురానునకు తమ ఫ్రెంచి అనువాదమును ప్రకటించిరి. నిజాం కళాశాలలో చదివిన కన్నడ యువకుడు రాజారావు 1929లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే నగరమునకు పోయెను. తరువాత 1938లో 'కాంతాపుర' అను ఆంగ్ల నవలను ప్రకటించి ప్రసిద్ధి గాంచినది ఆయనయే. మేము పోయినదియు ఆ మోంపెలియే నగరమునకే.

పారిసు నుండి వేగపు రైలులో మూడున్నర గంటల దూరములో, మధ్యధరా సముద్రమునకు చేరువగా ఆ నగరమున్నది. అచటి వైద్య విద్యాపీఠము పదమూడవ శతాబ్ది నాటిది. అచటి వృక్షోద్యానము 1593లో నెలకొల్పబడినది. ఎండ మనకు పరిచితమైన ఎండయే. విద్యార్థులు మిక్కుటముగానున్న ఊరగుటచే పరదేశివానిని వింతగా చూచువారు తక్కువ.

తరగతిలో మాకు వచ్చిన చిక్కులు కొన్ని చెప్పుదుము. ఆ భాషలో ప్రాణము లేని వస్తువునకును లింగమున్నది. పుస్తకము పురుషుడు, బల్ల స్త్రీ. మన సూర్యచంద్రులిరువురును పురుషులే కదా. వారి సూర్యుడు పురుషుడే గాని చంద్రుడు మాత్రము స్త్రీ. నీవు, మీరు అను భేదము వారికిని కలదు. అది మాకు సులభముగనే పట్టువడినది. 'మేము', 'మనము' అను రెంటికిని వారికి ఒక్కటే మాట. ఎదుటివానిని కలుపుకొనుచున్నామో విడిచిపెట్టుచున్నామో ఆ మాటలో తెలియదు. తెలుగువానికి ఇది మొదట ఎంతో ఇరుకుగా తోచును. ఇక ఉచ్చారణ సంగతి చెప్పనక్కరలేదు. వ్రాసిన అక్షరములలో కడపటివి పెక్కు పలుకబడవు. నీటికి వారి మాట మూడచ్చుల కూర్పుగా వ్రాయబడును. పలుకునపుడు మాత్రము ఉత్త 'ఓ'. వ్రాసిన మూడచ్చులలో ఆ 'ఓ' అను ధ్వనికి చెందిన అక్షరమే లేదు!

మూడేండ్ల వ్యాకరణము చేతనుండియు, మొదటి వారమున రొట్టెల దుకాణములో ఒక రొట్టె అడిగి కొనుటకు మాకు చెమటలు పట్టినవి. మా అవస్థ గమనించిన ఉపాధ్యాయిని ఒక నియమము పెట్టినది. "శుక్రవారము సాయంకాలము పుస్తకము మూయుడు. సోమవారము ఉదయము నాకొక సంగతి తెచ్చి చెప్పుడు. పుస్తకములోనిది కాదు, మనుష్యుని నోట వినినది కావలెను." ఈ నియమమే మమ్ము ప్రతి శనివారము రైలుస్టేషనునకు నడిపించినది.

మొదటి ప్రయాణము సెత్ అను రేవుపట్టణమునకు. రైలులో ఇరువది నిమిషముల దూరము. టిక్కెట్ల కిటికీ యొద్దకు పోయి, అనేక పర్యాయములు వల్లించుకొనిన వాక్యమును మరచి, "సెత్!" అని మాత్రము అంటిమి. లోపలనున్నామె మా వెనుక ఎవరైన ఉన్నారేమో అని తొంగిచూచినది. ఫ్రెంచిలో ఏడు అను సంఖ్యను కూడ 'సెత్' అనియే పలుకుదురు. మేము ఏడు టిక్కెట్లు అడిగితిమని ఆమె అనుకొన్నది! మేము వ్రేలితో రైలుపటమును చూపిన పిమ్మట ఆమె నవ్వినది. కాని ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఆ వాక్యమును ఎట్లు అడుగవలెనో తానే పలికి, మాచేత పలికించి, పిదప ఒక్క టిక్కెట్టు ఇచ్చినది. ఆ వాక్యమును మేము నేటికిని మరువలేదు. సెత్‌లో కొండమీద సముద్రమునకు ఎదురుగా ఒక శ్మశానవాటిక కలదు. ఆ ఊరిలోనే 1871లో పుట్టిన కవి పోల్ వలేరి 1945లో అచ్చటనే సమాధి చేయబడెను. ఆయన 1920లో ప్రకటించిన ప్రసిద్ధ కావ్యమునకు ఆ శ్మశానవాటికయే వస్తువు. సోమవారము మేము తరగతిలో చెప్పినది మాత్రము కవిని గూర్చి కాదు, ఏడు టిక్కెట్లను గూర్చియే. తరగతి అంతయు నవ్వినది. మేమును నవ్వితిమి.

రెండవ ప్రయాణము గార్ వంతెనకు. రోమనులు సుమారు రెండువేల యేండ్లకు పూర్వము నీమ్ నగరమునకు ఊటనీటిని తెచ్చుటకు కట్టిన ఏబది కిలోమీటర్ల కాలువ, గార్దోఁ అను ఏటిని ఈ వంతెన మీదుగా దాటినది. మూడంతస్తుల కమానులు. ఎత్తు 49 మీటర్లు. అనగా మా కుంటాల జలపాతము కంటె కొంచెము ఎక్కువ. ఆ ఏబది కిలోమీటర్లలో కాలువకు మొత్తముమీద లభించిన వాలు ఇరువది మీటర్లకు లోపే. అంత స్వల్పమైన వాలున నీటిని నడిపించిన ఆ పనివాండ్ర నేర్పును తలచి ఏటి ఒడ్డున చాలసేపు కూర్చుంటిమి. ఆనాడు 'ఓ' అను ఒంటి అక్షరపు మాటను ఎందరి నోటనో వింటిమి. ఇక ఆ మాట మాకు పుస్తకములోని మాట కాదు.

మూడవ ప్రయాణమే మేము చెప్పదలచిన అసలు సంగతికి మూలము. ఎగ్‌మోర్త్ అను పట్టణమునకు పోతిమి. ఉప్పుమడుల నడుమ, ఒకటిన్నర కిలోమీటరునకు పైబడిన కోటగోడ చెక్కుచెదరక నిలిచియున్న ఊరు అది. ఫ్రెంచిరాజు తొమ్మిదవ లూయీ 1248లో అచటి నుండియే యుద్ధయాత్రకు ఓడ నెక్కెను. కోటవాకిట ఉప్పు అమ్ముచున్న ఒక వృద్ధుని, ఊరిపేరునకు అర్థమేమని అడిగితిమి.

"మృతజలములు అని అర్థము" అనెను. "ఐతే అది ఫ్రెంచి మాట కాదు సుమా. ఫ్రెంచివారు నీటిని 'ఓ' అందురు. మా తాతలు 'అయ్గ' అనెడివారు. ఆ మాటయే ఊరిపేరులో మిగిలియున్నది."

ఆ భాషను ఒక్సితాన్ అందురు. ఒకప్పుడు దక్షిణ ఫ్రాన్సులో పెక్కుభాగము మాటలాడిన భాష. 1880 దశకము తొలి యేండ్లలో చదువు ఉచితముగను, నిర్బంధముగను చేయబడినది. అది ఎంతయో మంచిపని. కాని ఆ చదువు ఫ్రెంచిలోనే సాగవలెను. బడిలో ఇంటిభాష పలికిన పిల్లవానికి ఒక కొయ్యముక్కయో బిళ్లయో ఇచ్చు ఆచారము అనేక గ్రామములలో ఉండెడిది. అటుపైన ఇంటిభాష పలికిన మరియొకని పట్టుకొని దానిని వానికి అంటగట్టవలెను. సాయంకాలమునకు ఎవని చేత అది మిగులునో వానికి దండన. "మా నాయన చేత అది ఎన్నియో సాయంకాలములు మిగిలినదట" అని ఆ వృద్ధుడు చెప్పెను. "అందుచేత ఆయన మాతో ఆ భాష మాటలాడలేదు. మేము నేర్చుకొనలేదు. నాకు ఉప్పు, నీరు, గాలి, రొట్టె ఇట్టి మాటలు కొన్ని మాత్రమే తెలియును."

పిదప ఆయన మమ్మడిగెను. "మీ ఊరిలో నీటినేమందురు?"

"నీరు అందుము."

"ఊరిలో అందరును ఆ మాటయే అందురా?"

"లేదు. మా ఊరిచుట్టును గోండులు కలరు. వారి భాష వేరు."

"వారేమందురు?"

మాకు నోట మాట రాలేదు. ఇరువదియేండ్లు వారి నడుమ పెరిగితిమి. వారు తెచ్చిన ఇప్పపూవును, తేనెను, చింతపండును సంతలో కొంటిమి. వారి పిల్లలతో ఒకే బల్లమీద కూర్చుంటిమి. ఏడువేల కిలోమీటర్లకు పైబడిన దూరము వచ్చి నీటికి ఫ్రెంచి మాట నేర్చితిమి. ఆ దినమున చనిపోవుచున్న మరియొక భాషలోని మాటను కూడ నేర్చితిమి. మా ప్రక్కయింటివారు నీటిని ఏమందురో మాత్రము ఎరుగము.

తిరుగు రైలులో పాత సంగతి ఒకటి జ్ఞాపకమునకు వచ్చినది. మేము చిన్నతరగతిలో నుండగా ఉపాధ్యాయుడు "కడవలో నీళ్లు ఎవరు నింపితిరి?" అని అడిగెను. ఒక గోండు పిల్లవాడు లేచి "నన్న" అనెను. గోండిలో ఆ మాటకు 'నేను' అని అర్థము. మేమందరము "వీనికి బదులు వీని నాయన వచ్చి నింపెనట!" అని గొల్లుమంటిమి. ఆ పిల్లవాడు కూర్చుండెను. ఆ యేడు వాడు మరల లేచి బదులు చెప్పినట్లు మాకు జ్ఞాపకము లేదు. మా బడిలో కొయ్యముక్క లేదు. మా నవ్వు ఆ పని చేసినది. టిక్కెట్ల కిటికీ యొద్ద మేము తప్పు పలికినపుడు ఆమె మమ్ము చూచి నవ్విన నవ్వు ఒకటి. మేము ఆ పిల్లవానిని చూచి నవ్విన నవ్వు మరియొకటి. మేమానాడు నవ్వినది తప్పునకు కూడ కాదు. వాడు తప్పు పలుకలేదు, తన భాష పలికెను.

ఆ పిమ్మటి ప్రయాణములలో మా చూపు మారినది. ఆర్ల్ పట్టణమున ఫ్రెడెరిక్ మిస్త్రాల్ నెలకొల్పిన ప్రదర్శనశాలను చూచితిమి. ఆ దక్షిణదేశపు భాషలోనే, అనగా దాని ప్రొవెన్సాల్ రూపమున, కావ్యములు వ్రాసి 1904లో నోబెల్ బహుమానమున సగభాగమును పొందిన కవి ఆయన. ఆ ధనమును ఆయన ఈ ప్రదర్శనశాల విస్తరణకు వెచ్చించెను. పల్లెటూరి తొట్టెలు, దుస్తులు, వంటపాత్రలు, పనిముట్లు అచట భద్రపరచబడినవి. అంతకు ముందే ఆయన ఆ భాషకు ఒక మహానిఘంటువును గూర్చియుండెను. తులూజ్ నగరములో భూగర్భరైలు ఎక్కగా, స్టేషను పేరు మొదట ఫ్రెంచిలోను, వెంటనే ఒక్సితాన్‌లోను వినవచ్చినది. 1979లో పో అను పట్టణమున మొదలై, ఒక్సితాన్ లోనే పాఠములు చెప్పు బడులు నేడు ఆ ప్రాంతమున అనేకము కలవు. తాతలనాడు శిక్షకు గురియైన మాటను మనుమలు బడిలో నేర్చుకొనుచున్నారు. ఐనను నడుమ ఒక తరము మౌనముగా గడచినది. ఎగ్‌మోర్త్ వృద్ధుడు ఆ తరమువాడు.

ఆ రోజులలోనే మా ప్రాంతపు పూర్వకథ ఒకటి మాకు క్రొత్తగా బోధపడినది. వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను పండితుడు, 1940లో జోడెన్‌ఘాట్ వద్ద కొమరం భీము మరణించిన పిదప, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాం ప్రభుత్వము తరపున మా అడవులకు వచ్చెను. మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కూడ కాపురముండి, గోండి నేర్చెను. 1943లో అచ్చటనే గోండు ఉపాధ్యాయుల శిక్షణకు ఏర్పాటు జరిగి, గోండి వాచకములు తయారైనవి. బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదున మరణించగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనులో మరణించిన ఆయన సమాధియు నేడు ఆమె ప్రక్కనే ఉన్నది. వియన్నా నుండి వచ్చినవారు నేర్చిన మాటను ఉట్నూరులో పుట్టినవారము మేము నేర్వలేదు. ఈ సిగ్గు మాకు ఫ్రాన్సులో ఒక ఆదివారమున తెలిసివచ్చినది.

తిరిగి వచ్చిన పిమ్మట మా ఆదివారములు ఇచటనే ఆరంభమైనవి. నీటిని గోండిలో 'యేర్' అందురు. మన 'ఏరు' అను మాటకు అది తోబుట్టువు! మనము పారెడు నీటికి ఉంచుకొన్న పేరును వారు నీటికంతటికిని ఉంచుకొన్నారు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్ – ఇవి ఒకటి మొదలు ఐదు వరకు అంకెలు. వినినంతనే చుట్టరికము తెలియుట లేదా? తెలుగును గోండియు ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందినవని పండితులు చెప్పుదురు. ఫ్రెంచికై మేము పడిన శ్రమలో నాలుగవ వంతు చాలును.

ఒక ఆదివారము నార్నూరు మండలములోని గుంజాల గ్రామమునకు పోతిమి. గోండి భాషకు చెందిన ప్రత్యేక లిపిలోని వ్రాతప్రతులు వెలుగు చూచినది ఆ గ్రామముననే. ఆ లిపికి గుంజాల గోండి లిపి అనియే పేరు. 2018లో అది యూనికోడులో చేర్చబడినది. అనగా ప్రపంచములోని గణనయంత్రములలో ఆ అక్షరములకు స్థానము లభించినది. మరియొకసారి కేస్లాపూరు నాగోబా జాతరకు పోతిమి. పుష్యమాసపు అమావాస్యనాడు జరుగు ఆ పూజకై మెస్రం వంశీయులు కాలినడకను గోదావరికి పోయి, హస్తినమడుగు వద్ద కలశమున నీరు ముంచి, నేలమీద పెట్టక మోసికొని వత్తురు. ఆ నీటి పేరు మాకు తెలిసినందున ఆ నడకయు మాకు కొంత తెలిసినట్లనిపించినది.

చిన్ననాటి ఆ సహాధ్యాయిని కూడ వెదకికొని పోతిమి. అతడిప్పుడు ప్రత్తి పండించు రైతు. మేము "నన్న" అని మొదలుపెట్టి తరువాతి మాట తప్పు పలికితిమి. అతడు కడుపుబ్బ నవ్వెను. "అట్ల కాదు" అని సరిదిద్ది, మాచేత మరల పలికించెను. ఆ నవ్వునకు మేము ఎంతయో సంతోషించితిమి. బడిలోని ఆ దినమును గూర్చి అతడు ఎత్తలేదు. మేము ఎత్తితిమి. "జ్ఞాపకమున్నది" అని మాత్రమనెను. ఆ పిదప త్రాగుటకు నీరు తెచ్చియిచ్చెను.

ఇక తలిదండ్రులకు మా మనవి. మీ పిల్లలు ఫ్రెంచి చదువబోవుచున్నచో, ముందు హైదరాబాదులో గట్టి పునాది వేయించుడు. 1958లో నెలకొల్పబడి 2007లో విశ్వవిద్యాలయమైన ఆంగ్ల విదేశీ భాషల సంస్థ అచట కలదు. ఫ్రాన్సునకు పోయిన పిమ్మట శని ఆదివారములలో వారిని గదిలో ఉండుమని నిర్బంధింపకుడు. యువజనులకు రైలు ఛార్జీ తగ్గించు కార్డు దొరకును. ఆదివారము అచట దుకాణములు పెక్కు మూసియుండును గనుక శనివారమే రొట్టె, పండ్లు కొనవలెను. చిన్న ఊళ్లకు ఆదివారపు బండ్లు తక్కువ. తిరుగుబండి వేళను ముందుగనే వ్రాసికొనవలెను. తప్పు మాటలాడుటకు మాత్రము వెనుదీయరాదు.

పయనమునకు ముందు వారినొక ప్రశ్న అడుగుడు: మన ప్రక్కయింటివారు నీటినేమందురు? బదులు తెలియనిచో మొదటి ఆదివారపు ప్రయాణము అచటికే చేయవచ్చును. దానికి టిక్కెట్టు అక్కరలేదు.

సెలవు.